ఏటికి చేరని సీతమ్మ

ఎవరో మేకతోలు నానబెట్టినట్టున్నారు. ఆ పచ్చివాసన కిటికీలోంచి రాగానే చేతిలో జపమాల ఆగిపోయింది. గంగక్క గుర్తొచ్చింది.

ధర్మవరం దగ్గరి మా ఊళ్లో ఆమెది మా పక్కిల్లే. తోలుబొమ్మలు చేసేది. నేను బడికి పోలేదు. నాకు ఓనమాలు వచ్చింది ఆమె అరుగు మీదే. పనికిరాని తోలుముక్క మీద నాచేత ఉలితో చుక్కలు చుక్కలుగా ‘అ’ కొట్టించి, ఎండకు పట్టి చూపేది. "సూడు మే, బెజ్జాల్లోంచి ఎలుగొస్తేనే అచ్చరం కనపడేది." ఈనాడు రామాయణం చదువుకుంటున్నానంటే అది ఆమె పెట్టిన భిక్ష.

తొంభైల చివర్లో లేపాక్షి చూడవచ్చిన వాళ్ల కార్లు మా ఊరికీ రాసాగాయి. ఒకసారి తెలుగు రాని ఒకామె, గంగక్క అప్పుడే రంగులద్దిన సీతను తిప్పి చూసి పెదవి విరిచింది. డ్రైవరు చెప్పాడు: "ఇది అంగడి సరుకు మాదిరి ఉండాదంటక్కా. అసలుది, పాతది కావాలంట."

"ఏమప్పా, నేను ఈడనే కూసోని చేస్తాండా గదా! నేను అసలుదాన్నేనా అని కూడా అడుగు!" అంది గంగక్క. డ్రైవరు నవ్వాడు.

పాతది లేకపోలేదు. ఆమె మామ ఆడించిన సీత, దీపం పొగకు నల్లబడి, మెడ దగ్గర చినిగి, గూట్లో పసుపుగుడ్డలో ఉండేది. "ఏరొచ్చేదాకా ఆయమ్మ నాకు సుట్టం" అనేది. చిత్రావతి పారి ఎన్నేళ్లో అయింది. నేనది మాటవరసకే అనుకున్నాను.

మరుసటి ఏడు జ్వరంతో కదిరి ఆసుపత్రికి పోతూ ఇల్లు నాకు అప్పజెప్పింది. మరో కారు వచ్చింది. వాళ్లూ కొత్త బొమ్మలు వద్దన్నారు. నేను గుడ్డ విప్పాను. చినిగిన చోట వేలితో నిమిరి, "ఇదే నిజమైనది" అన్నారు. చినిగినదానికి ఇంత గౌరవమా అని మురిసిపోయి ఇచ్చేశాను. అక్క సంతోషిస్తుందనుకున్నాను.

ఆమె తిరిగొచ్చి ఖాళీ గుడ్డ చూసింది. "సీతమ్మ యాడ మే?"

చెప్పాను. తిట్టలేదు. ఖాళీ గుడ్డను మడిచి ఒళ్లో పెట్టుకుంది.

"ఆడి ఆడి అలిసిన బొమ్మకు మనిషికి చేసినట్టే చేసి, పారే నీళ్లలో సాగనంపల్ల. ఆళ్లు గోడకు మేకు కొట్టి తగిలిస్తారు. ఇంగ ఆయమ్మకు పోయే దావ లేదు."

నేను ఏడిస్తే ఆమే నా కళ్లు తుడిచింది. "తెలీక చేసినావులే. ఆళ్లకూ తెలీదు. పాతదంటే నిజమనుకున్యారు. ఎట్ల పాతబడిందో అడగల్యా."

కొన్నేళ్లకు ఏరు వచ్చింది. గంగక్క నన్ను వెంటబెట్టుకుపోయి, ఖాళీ పసుపుగుడ్డకు కుంకుమ పెట్టి నీళ్లలో వదిలింది. అది కాస్త దూరం పోయి తుమ్మకంపకు చిక్కుకుంటే, మోకాటిలోతు దిగి విడిపించి మళ్లీ వదిలింది. "గుడ్డన్నా పోనీ" అంది.

ఆ పై ఏడే గంగక్క పోయింది. ఇప్పుడు నేను రోజూ దీపం పెట్టాక, ఎక్కడో ఎవరింటి గోడ మీదో అద్దం వెనక ఉన్న ఆ తల్లికి దండం పెట్టుకుంటాను. నన్ను క్షమించమని అడగను. గంగక్క ఆనాడే క్షమించింది. ఆ ఇంట్లో ఎవరికైనా ఆమెను కిందికి దించి నీళ్లకు చేర్చాలని తోచనీ తండ్రీ, అని మాత్రం దేవుణ్ణి అడుగుతాను.