తాంబూలం చెల్లదట

మా నాయన ఆళ్లగడ్డలో విగ్రహాలు చెక్కేవాడు. ఆ పని జరిగే మా షెడ్డు గురించి ఆయన వీలునామాలో ఉన్నది రెండే మాటలు. అమ్మ బతికున్నన్నాళ్లూ షెడ్డు ఆమెది. ఆమె తర్వాత అన్నకు చెందాలా, నాకు చెందాలా అన్నది ఆమే ఎంచి తన వీలునామాలో రాయాలి. అన్న అప్పటికే నంద్యాలలో గ్రానైటు వ్యాపారంలో స్థిరపడ్డాడు. ఉలి పట్టింది నేను. ఆడపిల్లకు ఉలేమిటని ఊరంతా ముక్కున వేలేసుకున్నా నాయన దగ్గరుండి నేర్పాడు.

అమ్మ ఎంచింది. ఎలా ఎంచిందో చెబుతాను. మా దగ్గర గుడి పెద్దలు విగ్రహం కావాలంటే తాంబూలం ఇచ్చి పోతారు. కాగితం ఉండదు. తాంబూలం పుచ్చుకున్నాక ఆ పనిని ఇంకొకరు ముట్టరు. అమ్మకు తెలిసిన చట్టం అదే. నాయన సంవత్సరీకం నాడు అందరూ భోజనాలకు కూర్చున్నాక, ఆకూ వక్కా, నాయన ఉలీ పళ్లెంలో పెట్టి నా చేతికిచ్చింది.

"అందరూ ఇనండప్పా. నా తర్వాత ఈ షెడ్డు పాపది. మా ఇంటాయన నన్నే ఎంచమన్న్యాడు, ఎంచినా."

రాయించి పెట్టమ్మా అని తర్వాత నేనంటే కసురుకుంది. "ఇంతమంది ముందర ఇచ్చినాక కాగితమెందుకే?"

అన్న ఆ పంక్తిలోనే ఉన్నాడు. ఓళిగ మళ్లీ అడిగి వేయించుకున్నాడు కూడా.

అమ్మ పోయింది. పెద్దకర్మ అయ్యీ కాకముందే అన్న నన్ను నంద్యాలలో వకీలు దగ్గరికి పిలిపించాడు. నోటిమాటా తాంబూలమూ చెల్లవట. వీలునామాలో రాయలేదు గనుక అమ్మ అసలు ఎంచనట్టేనట. కాబట్టి ఇద్దరికీ చెరిసగమట. వకీలును తప్పుపట్టను, ఆయన ఉన్న చట్టం చెప్పాడు. ఒళ్లు మండింది అన్న మీద.

"అన్నా, అమ్మ నాకు తాంబూలమిచ్చిన దినం నువ్వు ఆడ లేవా?"

"ఉన్న్యా. ఎవరు లేదన్న్యారు?"

"ఆయమ్మ చెప్పింది ఇనలేదా?"

"ఇన్న్యా పాపా. అయితే ఏంది? రాయలేదు గదా."

సిగ్గూ ఎగ్గూ లేకుండా, కాఫీ తాగుతూ చెప్పాడు! వినలేదని అబద్ధమాడినా కొంత మర్యాదగా ఉండేది. కట్టుకున్నవాడు అమ్మ బుద్ధిని నమ్మి ఎంచే హక్కు ఇచ్చిపోయాడు. కన్నకొడుకు చెవులారా విని దాన్ని తుడిచిపారేశాడు. ఎంత అన్యాయం!

పంపకంలో రోడ్డు వైపు సగం అన్న తీసుకున్నాడు. అడ్డంగా గోడ కట్టించి టైల్స్ దుకాణానికి అద్దెకిచ్చాడు. నా సగానికి మిగిలిన దారి మనిషి పట్టే సందు. "దాని సగం దానికిచ్చినా గదా" అని అందరితో చెప్పుకుంటాడు. ఇచ్చాడు, కాదనను. రాయి తెచ్చే ట్రాక్టరు ఆ సందులో పట్టదు. మొన్న ఉయ్యాలవాడ వైపు నుంచి నిలువెత్తు అమ్మవారు కావాలని గుడి వాళ్లు వస్తే, రాయి లోపలికి రాదని చెప్పి పంపేశాను. ఇప్పుడు నేను చెక్కేవన్నీ అరచేతిలో పట్టే వినాయకులే.