"ఏమీ మార్చలేదు మేడం": ఒక సీడీ డ్రైవు విచారణ

2009 అక్టోబరు నాటికి నేను ఐర్లండ్‌లో కార్క్ నగర శివార్లలోని ఒక వైద్య పరికరాల ప్లాంటులో వ్యాలిడేషన్ మేనేజరుగా పనిచేస్తున్నాను. మాంద్యం మా గేటు దాటి లోపలికి రాదనుకున్నాం. వచ్చి క్యాంటీన్‌లోనే కూర్చుంది. ముందు వారానికి మూడు రోజుల పని అన్నారు. తర్వాత టీతోపాటు ఇచ్చే బిస్కెట్లు ఆపారు. ఆ తర్వాత మనుషుల్ని ఆపడం మొదలుపెట్టారు.

మా వృత్తి గురించి రెండు ముక్కలు చెప్పాలి. యంత్రం తాను చేయాల్సిన పనిని ప్రతిసారీ ఒకే తీరుగా చేస్తుందని కాగితాల మీద రుజువు చేయడం వ్యాలిడేషన్. యంత్రం సవ్యంగా నడిచినంతకాలం మేమెవరమో ఎవరికీ గుర్తుండదు. మొరాయించిందంటే మాత్రం విచారణ మా నెత్తినే పడుతుంది. విచారణకు నియమాలున్నాయి. ఒకసారికి ఒక్కటే మార్చి చూడాలి. ఊహను కారణమని రాయకూడదు. అన్నిటికంటే ముందు, యంత్రం దగ్గర పనిచేసేవాళ్లను "ఏం మారింది?" అని అడగాలి. నా సర్వీసు మొత్తంలో హైదరాబాదులోనైనా, కార్క్‌లోనైనా దీనికి వచ్చిన జవాబు ఒక్కటే: ఏమీ మారలేదు. మరి యంత్రం దానంతటదే అలిగిందన్నమాట.

ప్రభాకర్ నా విభాగంలో క్లీన్‌రూమ్ చూసేవాడు. క్లీన్‌రూమ్ అంటే గాలిలో ధూళి కణాలను కూడా లెక్కపెట్టే గది. అందులోకి వెళ్లాలంటే తల నుంచి పాదం దాకా తెల్ల ముసుగు వేసుకోవాలి. ఎవరి కనుబొమ్మ వెంట్రుక బయటికి కనిపించినా ప్రభాకర్ ఊరుకునేవాడు కాదు. ఒకసారి ప్లాంటు డైరెక్టరునే గుమ్మంలో నిలబెట్టి గడ్డానికి జాలీ కట్టించాడు. సొంతూరు కరీంనగర్ దగ్గర. మనిషి మెత్తన, పనిలో రాయి.

ఆ సెప్టెంబరులో తీసేసినవారి జాబితాలో అతని పేరుంది. అతని వర్క్ పర్మిట్ ఆ కంపెనీతో ముడిపడి ఉంది. గడువులోగా మరో కంపెనీ దొరక్కపోతే సామాను సర్దుకోవాలి. కూతురు హాసిని లీవింగ్ సర్ట్ చదువుతోంది. అది మన ఇంటర్ లాంటిది, ఇక్కడి పిల్లల తలరాత రాసే పరీక్ష. ఎక్కడా ఉద్యోగాలు లేని ఆ రోజుల్లో గాల్వే వైపు ఒక ప్లాంటు నుంచి ఇంటర్వ్యూ పిలుపొచ్చింది. బ్యాంకు హాలిడే, అంటే దేశమంతటికీ సెలవైన సోమవారం, తర్వాతి మంగళవారం రమ్మన్నారు. చేసిన పని గురించి ప్రెజెంటేషన్ తయారుచేసి సీడీలో తెమ్మన్నారు. వైరసుల భయంతో పెన్‌డ్రైవులను గేటు దాటనివ్వరట.

ఆ సెలవుకు ముందు ఆదివారం పొద్దున ప్రభాకర్ ఫోన్ చేశాడు.

"మేడం, సీడీ రైట్ అయితలేదు. సగం దాంక పోతది, ఎర్రర్ అంటది. ఉన్న డిస్కులన్నీ ఖరాబైతున్నయ్. జర వస్తరా?"

కార్క్ పక్కనే బాలింకాలిగ్‌లో వాళ్లది అద్దె ఇల్లు. హాల్లో ఒక మూల ఆ కంప్యూటర్ ఉండేది. ఇండియాకు తిరిగి వెళ్లిపోతున్న ఎవరి దగ్గరో కొన్నది. కొన్నప్పుడు తెల్లనిదేనట, నేను చూసేసరికి టీ రంగుకు తిరిగింది. పెన్‌డ్రైవు పెడితే, "ఇదేమిటో నాకు తెలియదు, దీని డ్రైవర్ డిస్కు పెట్టు" అనేది. ఆ డిస్కు చదవాల్సింది కూడా ఈ పాడైన డ్రైవే. ఇంటర్నెట్ ఎప్పుడో కట్ చేయించారు. ఉద్యోగాల దరఖాస్తులు ఫ్లాపీలో వేసుకుని లైబ్రరీకి వెళ్లి పంపేవాడు. ప్రెజెంటేషన్‌లో ఫొటోలు, వీడియోలు ఉన్నాయి, ఫ్లాపీలో పట్టదు. అంటే నెలరోజుల శ్రమ ఆ పెట్టెలోనే చిక్కుకుపోయింది. బయటికి రావడానికి ఉన్న ఒకే తలుపు తెరుచుకోవడం లేదు.

నేను వెళ్లేసరికి డబ్లిన్ నుంచి రమేష్ అనే సాఫ్ట్‌వేర్ మిత్రుడు ఫోన్ స్పీకర్‌లో వైద్యం చేస్తున్నాడు. సాఫ్ట్‌వేర్ వాళ్లకు అన్ని రోగాలకూ ఒకటే మందు.

"ఫార్మాట్ కొట్టెయ్ అన్నా, మొత్తం ఫ్రెష్‌గా వచ్చేస్తది."

ఫార్మాట్ కొడితే ప్రెజెంటేషన్ కూడా పోతుంది కదా అని నేనడిగాను. అవును కదా అని అతను కాసేపు ఆలోచించాడు. తలనొప్పి తగ్గడానికి తల తీసేయమన్నట్టుంది అని చెప్పి, థాంక్స్ చెప్పి, ఫోన్ పెట్టేయించాను.

హాసిని మెట్ల మీద పుస్తకం పట్టుకుని కూర్చుంది. నేనేమీ అడగకుండానే, "ఇట్స్ బ్యాంజాక్స్డ్, ఆంటీ. జస్ట్ బిన్ ఇట్" అంది. ఇక్కడి పిల్లల భాషలో ఇక ఆశ వదులుకోమని అర్థం. పిల్ల గొంతులో నిర్లక్ష్యం ఉందిగానీ, చేతిలో పుస్తకం తలకిందులుగా ఉంది.

విచారణ మొదలుపెట్టాను. ఆనవాయితీ ప్రకారం మొదటి ప్రశ్న వేశాను. "ఇది చివరిసారి ఎప్పుడు బాగా రాసింది? ఆ తర్వాత ఏం మార్చారు?"

"సెప్టెంబర్ల మంచిగనే రాసింది. ఏమీ మార్చలేదు మేడం" అన్నాడు ప్రభాకర్, క్లీన్‌రూమ్‌లో ఇదే జవాబు చెప్పిన ఎందరినో నానా ప్రశ్నలతో ఏడిపించిన ప్రభాకర్.

సరే అని ఒక్కొక్కటీ చూసుకుంటూ వెళ్లాం. నేను వెంట తెచ్చిన వేరే కంపెనీ ఖాళీ డిస్కు పెట్టాం. సగంలో ఆగింది. రాసే వేగం తగ్గించాం. ఇంకాస్త ముందుకు వెళ్లి ఆగింది. పాత కంప్యూటర్లలో రాత సాగుతుండగా మరో ప్రోగ్రాం అడ్డొస్తే డిస్కు చెడిపోతుంది. అందుకని మిగతావన్నీ మూసేశాం, స్క్రీన్‌సేవర్ కూడా తీసేశాం. ఆగింది. పెట్టె విప్పి లోపలి కేబుల్ ఊడదీసి మళ్లీ పెట్టాం. అయినా ఆగింది. డిస్కు పాడైన ప్రతిసారీ ప్రభాకర్ దాన్ని తన మీద వచ్చిన తీర్పులా పట్టుకుని చూసేవాడు. సునంద, అంటే ప్రభాకర్ భార్య, వంటింట్లోంచి ఉప్మా పంపింది, తర్వాత చాయ్ పంపింది, తర్వాత ఏమీ అడగకుండా వచ్చి నిలబడింది.

అప్పుడు నాకు ఒక సందేహం వచ్చింది. రాయలేనిది చదవగలుగుతోందా? పాత వీడియో క్యాసెట్ నుంచి ఎక్కించుకున్న వాళ్ల పెళ్లి సీడీ తెచ్చి పెట్టమన్నాను. తలంబ్రాల దగ్గర బొమ్మ తడబడింది, మంగళసూత్రం దగ్గర పూర్తిగా బిగుసుకుపోయింది. తాళి చేతిలో పట్టుకుని ప్రభాకర్ తెర మీద అలాగే నిలిచిపోయాడు. సునంద నోటికి చెంగు అడ్డం పెట్టుకుంది.

నాకు మాత్రం ప్రాణం లేచొచ్చింది. ఈ జబ్బు రాతకు సంబంధించింది కాదు, చూపుకు సంబంధించింది. డ్రైవు లోపల చిన్న గాజు కన్ను ఉంటుంది. దాంట్లోంచి వచ్చే లేజరే రాస్తుంది, అదే చదువుతుంది. కన్ను మసకబారితే రెండూ పోతాయి. పెళ్లి సీడీ బయటికి తీసి కిటికీ దగ్గర వెలుతురుకు ఏటవాలుగా పట్టుకున్నాను. అడుగువైపు సన్నని పొడి వలయంగా అంటుకుని ఉంది. వేలితో తీసి చూశాను. తర్వాత వాసన చూశాను.

"ప్రభాకర్ గారూ, ఈ ట్రేలో పసుపు ఎందుకుందండీ?"

ప్రభాకర్ ముందు సునంద వైపు చూశాడు, తర్వాత ట్రే వైపు చూశాడు.

"దసరాకు ఆయుధ పూజ చేసిన మేడం."

"ట్రే లోపలా?"

"బటన్ నొక్కంగనే చెయ్యి చాపినట్టు బయటికొచ్చింది. అండ్లనే పసుపు, కుంకుమ బొట్టు పెట్టి అక్షింతలేసిన. అదే లోపలికి తీస్కున్నది."

"మరి నేనడిగితే ఏమీ మార్చలేదన్నారు?"

"పూజ ఏటా చేస్తం కద మేడం. అది మార్పెట్లయితది?"

సునందకు అవకాశం దొరికింది. "నేను చెప్పిన అక్కా, ఎప్పటి లెక్క పైన కంప్యూటర్ అద్దానికి పెట్టు, చాలు అని. ఈయన ఇంటె గద. ఈసారి గట్టిగ చెయ్యాలె అని లోపల దాంక పోయిండు."

నేను నవ్వడం మొదలుపెట్టాను. ధూళి కణాలు లెక్కపెట్టే మనిషి, డైరెక్టరు గడ్డానికి జాలీ కట్టించిన మనిషి, నిమిషానికి వేలసార్లు తిరిగే యంత్రంలో గుప్పెడు పసుపు కుంకుమ పోసి మూత వేశాడు. ఇంకా ఏదో అనబోతుంటే ప్రభాకర్ నేలచూపులు చూస్తూ మెల్లగా అన్నాడు.

"ఇప్పుడు నా చేతిల ఉన్న ఆయుధం ఇదొక్కటే కద మేడం."

నా నవ్వు అక్కడితో ఆగిపోయింది. జాలేసింది. వెంటనే కోపం కూడా వచ్చింది, ఆ పసుపు మీద కాదు, ఇలాంటి మనిషిని కంప్యూటర్‌కు దండం పెట్టుకునే స్థితికి తెచ్చిన జాబితా మీద. కానీ కోపంతో లెన్సు శుభ్రపడదు.

మా ప్లాంటులో ఇలాంటివాటిని స్పిరిట్‌తో తుడుస్తాం. సెలవుల మధ్య ఆదివారం స్పిరిట్ ఎక్కడ దొరుకుతుంది? సునందకు షుగరుంది. వేలు గుచ్చి రక్తం చూసుకునేముందు తుడుచుకునే చిన్న పొట్లాలు వంటింటి ప్రెస్‌లో ఉన్నాయి. ఇక్కడ అలమరాను ప్రెస్ అంటారు. ఆ పొట్లాల్లోని గుడ్డకు ఉండే తడి అదే స్పిరిట్. డ్రైవు బయటికి లాగి, మూత విప్పాం. లోపల శ్రీశైలం దారిలో అమ్మవారి గుడి గడపలా ఉంది. గాలి ఊదే రబ్బరు బుడ్డితో ముందు పొడి ఊదేశాం, ఆ తర్వాత లెన్సును గుడ్డ చివరతో ఒత్తకుండా తుడిచాం. పట్టాల పక్కన ఒక అక్షింత ఇరుక్కుని ఉంది. ప్రభాకర్ దాన్ని పట్టకారుతో తీసి, పారేయలేక కళ్లకద్దుకుని జేబులో వేసుకున్నాడు. విచారణ నివేదికలో దీన్ని నమూనా భద్రపరచడం అంటారు.

డ్రైవు బిగించాం. మొదట పెళ్లి సీడీ పెట్టాం. మంగళసూత్రం ముడిపడింది. తర్వాత ఖాళీ డిస్కు పెట్టి అన్నిటికంటే తక్కువ వేగంతో రాయమన్నాం. ప్రభాకర్ ట్రే వైపు చేతులు జోడించబోయాడు. "దండం దూరం నుంచి పెట్టండి" అన్నాను. డిస్కు పూర్తయి బయటికొచ్చాక నా ల్యాప్‌టాప్‌లో తెరిచి చూశాం. అన్ని ఫొటోలు, వీడియోలు ఉన్నాయి. హాసిని మెట్ల మీద నుంచి, "గ్రాండ్, సో" అని, అంటే ఇక్కడి మాటలో సరే బాగుందని, పుస్తకం సరిచేసుకుంది.

మంగళవారం జరిగింది ప్రభాకర్ చెప్పగా తెలిసింది. ముగ్గురు కూర్చున్నారట. ప్రెజెంటేషన్ మొత్తం చూశారు. పెద్దావిడ, క్వాలిటీ డైరెక్టరు, ముఖంలో ఏ భావమూ లేకుండా, ఇదంతా మీ టీము చేసింది, ఈమధ్య మీరు స్వయంగా చూసిన విచారణ ఏదైనా చెప్పండి అందట. తయారుచేసుకున్న జవాబులన్నీ ఆ క్షణంలో ఎగిరిపోయాయి. మనసులో మిగిలింది ఒక్కటే, అదే చెప్పాడు. పసుపు, కుంకుమ, అక్షింతతో సహా. ఎవరు చేశారని అడిగితే నేనే అన్నాడు. మళ్లీ జరగకుండా ఏం చేశారని అడిగారు.

ఈ ప్రశ్నకు మా వృత్తిలో అందరూ రాసే జవాబొకటుంది: పనిచేసే మనిషికి మళ్లీ శిక్షణ ఇచ్చాం. ఇది రాస్తే ఫైలు మూతపడుతుంది, తప్పు మాత్రం తెరిచే ఉంటుంది. ప్రభాకర్ అది చెప్పలేదు. శిక్షణ ఎంత ఇచ్చినా ఆ మనిషి వచ్చే దసరాకు మళ్లీ చేస్తాడు, అతను నాకు బాగా తెలుసు అన్నాడు. అందుకని బొట్టు మాన్పించలేదు, బొట్టు చోటు మార్చాం, పెట్టె పైన చిన్న వృత్తం గీసి ఉంచాం, ఇకనుంచి బొట్టు అందులోనే అని చెప్పాడు. పెద్దావిడ మొదటిసారి పెన్ను తీసి ఏదో రాసుకుందట.

ఆ వారంలోనే ఉద్యోగం ఖాయమని ఫోన్ వచ్చింది. హాసిని పరీక్ష ఇక్కడే రాసింది. ఇదంతా పూజాఫలమేనని సునంద ఇప్పటికీ అంటుంది. నేను కాదనలేదు. పూజ చేయని ప్రభాకర్ ఇంకొకడు ఉంటే పోల్చి చూసి చెప్పేదాన్ని.

ఆ తర్వాత కొన్నేళ్లకు, రిటైరయ్యే ముందు, మా ప్లాంటులో ఒక ప్యాకింగ్ లైను ఊరికే ఆగిపోవడం మొదలైంది. లైను మీద ఉండే నొరీన్ పాతకాలపు మనిషి. ఏమీ మారలేదు అంది. నేను ప్రశ్న మార్చాను. ఈ యంత్రానికి మంచి జరగాలని ఈమధ్య ఏమైనా చేశావా అని అడిగాను. ఆమె ముఖం వెలిగిపోయింది. పాపం అది రాత్రీపగలూ కష్టపడుతోందని, చర్చిలో ఇచ్చే ఒక సెయింటు పతకం తెచ్చి దాని పక్కన అతికించానని గర్వంగా చూపించింది. తళతళలాడే ఆ పతకం సరిగ్గా డబ్బాలను వెలుతురుతో గుర్తించే సెన్సరుకు ఎదురుగా ఉంది, దాని మెరుపుకే సెన్సరు తికమకపడి లైను ఆపేస్తోంది.

పతకాన్ని తీయలేదు. జానెడు దూరం జరిపాం. లైను నడిచింది. మనుషులు తాము చేసిన మార్పును దాచరు, అది మార్పని వాళ్లకు తోచదంతే. ఏం మార్చారని అడిగితే ఏమీ లేదంటారు. ఏం మేలు చేశారని అడిగితే చెయ్యిపట్టుకుని తీసుకెళ్లి చూపిస్తారు.