భోజనాల వేళ

మా ఊళ్లో ఎవరికి ఒంట్లో బాగోకపోయినా డాక్టరు కంటే ముందు మా బావగారికి ఫోన్ వెళ్లేది. బావగారంటే మా రత్నమాణిక్యం అక్క భర్త, రామభద్రరాజుగారు. భీమవరం పక్కన మాది. ఆయనకి రొయ్యల చెరువులున్నాయి గానీ, చెరువు గట్ల మీద కంటే ఆసుపత్రి బెంచీల మీదే ఎక్కువ కూర్చున్నారని మేం ఏడిపించేవాళ్లం. రోగితో పాటు కారెక్కడం, డాక్టరు చెప్పిన మాట ఇంట్లోవాళ్లకి భయం పుట్టకుండా చెప్పడం, సెలైన్ సీసా అయిపోయేదాకా మంచం పక్కన ఉండడం, మధ్యాహ్నానికి అక్క కట్టిన క్యారేజీ తెప్పించి అందరికీ వడ్డించడం. ఇదీ ఆయన పని. మా వైపు మనిషిని ఆసుపత్రికి ఒంటరిగా పంపరు. ఆపరేషనైతే గది తలుపు దగ్గర తనవాడొకడు నిలబడితే తప్ప లోపలికి పంపరు. ఈ మర్యాద అందరికీ తెలుసు. దాన్ని ఒంటికి పట్టించుకున్నది మాత్రం ఆయనొక్కరే.

"మీకెందుకండీ ఈ తిరుగుడు?" అంటే, "మందు సగం, పక్కన మనిషి సగం అబ్బాయ్" అనేవారు.

నిరుడు మేత కంపెనీవాళ్లు రొయ్యల రైతుల్ని ఫుకెట్ దీవికి తీసుకెళ్లారు. ఆ బృందానికి పెద్ద మా ఊరి మేత డీలరు శ్రీనివాసరాజుగారు. పెద్దరికం ఎక్కడ దొరికినా వదలరాయన. బావగారు రానంటే అక్కే తోసి పంపింది. "ఆసుపత్రి కాని చోటు ఒక్కటైనా చూసి రండి" అంది పాపం.

మావాళ్లు లోకంలో ఎక్కడికెళ్లినా నాలిక మాత్రం భీమవరంలోనే ఉంటుంది. అందుకని వంటకి పేరుపాలెం గంగాధర్ని కూడా తీసుకెళ్లారు. గంగాధర్‌ది చేపలు పట్టే కుటుంబం. పెళ్లిళ్లకి చేపల పులుసు పెట్టడంలో చెయ్యి తిరిగినవాడు. గరిటెలు, కారం, ఆవకాయ జాడీతో సహా విమానమెక్కాడు.

దీవి నిండా జనమేనట. భీమవరంలో మావుళ్లమ్మ ఉత్సవాలకి వచ్చినంతమంది, కాకపోతే చొక్కాల్లేకుండా. బావగారికి ఓ సాయంత్రం కడుపులో నొప్పి మొదలైంది. పదిమంది సరదా పాడుచెయ్యడం ఎందుకని సోడా తాగి ఊరుకున్నారు. తెల్లారేసరికి నిలబడలేకపోయారు. ఆ పూట అందరూ బోటు మాట్లాడుకుని పక్కనున్న చిన్న దీవికి వెళ్లాలి. బోటులో వంటకి కూడా ఒప్పించారు.

శ్రీనివాసరాజుగారు గదిలోకొచ్చి నవ్వారు. "రాత్రి రొయ్యల ఇగురు గట్టిగా లాగించినట్టున్నారండి. ఓ మాత్ర వేసుకుని పడుకోండి, అదే సర్దుకుంటుంది."

మజ్జిగ తెచ్చిన గంగాధర్ బావగారి నుదురు ముట్టుకుని అదిరిపడ్డాడు. "ఒళ్లు కాలిపోతందండి. ఆసుపత్రికి తీసుకెళ్లాలండి. నేనుంటానండి అయ్యగారి దగ్గర."

"నువ్వుంటే అక్కడ వంటెవడు చేస్తాడ్రా? పాతికమంది ఆకలితో మాడాలా?" అన్నారు శ్రీనివాసరాజుగారు. తర్వాత బావగారి వైపు తిరిగి, "హోటలు వాళ్లకి చెప్పామండి, వాళ్లు చూసుకుంటారు. భోజనాలవ్వగానే వచ్చేస్తాం" అన్నారు.

వెళ్లిపోయారు. గిన్నెలు మోసుకుంటూ గంగాధర్ వెనక్కి తిరిగి తిరిగి చూశాడట.

హోటలు డ్రైవరు బావగారిని ఓ ఆసుపత్రిలో దింపి పోయాడు. అక్కడా జనమే. స్కూటరు మీంచి పడ్డవాళ్లు, ఎండకి కమిలినవాళ్లు, ప్రతివాడి పక్కనా ఎవరో ఒకరు. అపెండిక్స్, వెంటనే ఆపరేషన్ చెయ్యాలన్నారు. ఆ దేశపు నర్సు ఫోన్‌లో ఏదో నొక్కి, అది పలికిన ముక్కల్ని ఆయనకి వినిపించింది. మీతో ఎవరొచ్చారు? ముప్ఫై ఏళ్లుగా మిగతావాళ్ల తరఫున ఆయన జవాబు చెప్పిన ప్రశ్నే అది.

"వస్తున్నారమ్మా" అన్నారట, తెలుగులోనే.

సంతకం చెయ్యమని కాగితం పెడితే, ఆగమని చెయ్యి ఊపారు. తలుపు దగ్గర తనవాడు లేకుండా ఆయన ఎవర్నీ లోపలికి పంపలేదు, తనెలా వెళ్తారు? మంచం కమ్మీ పట్టుకుని తలుపు వంకే చూస్తూ పడుకున్నారు. శ్రీనివాసరాజుగారికి ఫోన్ చేస్తే సముద్రంలో సిగ్నల్ లేదు. డాక్టరు వచ్చి తిట్టాడు, మళ్లీ వచ్చి తిట్టాడు. ఈలోగా లోపల పగిలిపోయింది. చివరికి ఆయన సంతకం ఆయనే పెట్టుకుని, ఎవరూ లేని తలుపులోంచి లోపలికి వెళ్లారు.

సాయంత్రానికి అందరూ దిగారు, పులుసు వాసనతో. స్పృహ పూర్తిగా రాని మనిషి చుట్టూ నిలబడి ఫోటో తీసుకుని ఊరి వాట్సాప్ గ్రూపులో పెట్టారు. 'మేమంతా పక్కనే ఉన్నాం' అని కింద రాశారు. టికెట్లు మార్చడం కుదరదంటూ, ఆయన్ని ఆసుపత్రిలోనే వదిలి ముందు అనుకున్న రోజుకే తిరిగొచ్చేశారు కూడా. నేను వెళ్లి ఆయన్ని తీసుకొచ్చాను. ఈ సంగతంతా అక్కడ మంచం మీద ఆయన ముక్కలు ముక్కలుగా చెప్పిందే. ఏరు దాటాక బోడి మల్లయ్య అంటారు, వీళ్లు ఏరు మధ్యలోనే అనేశారు.

ఇంటికొచ్చాక పలకరింపులకి జనం వరస కట్టారు. శ్రీనివాసరాజుగారు కొబ్బరి బొండాల గెల దింపించి, వీధి వీధంతా వినేలా చెప్పారు. "బావగారిని కంటికి రెప్పలా చూసుకున్నామండి. భాష రాని దేశంలో మామూలు విషయమా?"

"ఆయ్, బాగా చూసుకున్నారండి" అన్నారు బావగారు. అక్కని కాఫీ పెట్టమన్నారు కూడా.

వాళ్లు గుమ్మం దాటగానే నేను ఎగిరిపడ్డాను. ఆయన చెయ్యి అడ్డం పెట్టారు. "కడుపు చించుకుంటే కాళ్ల మీద పడుతుంది అబ్బాయ్."

"ఇంకా చించుకోవడానికేముందండీ, అక్కడే చించారుగా!" అన్నాను. ఆయన నవ్వలేదు.

ఈ వానల్లో శ్రీనివాసరాజుగారికి డెంగ్యూ వచ్చింది. భార్యేమో పాలకొల్లులో ఏదో పెళ్లికి వెళ్లింది. ఫోన్ ఎవరికి చేస్తారు? బావగారికే. వెళ్లొద్దని అక్క ఏడ్చినంత పనిచేసింది. వినకుండా బయల్దేరారు, నేనే కారు నడిపాను.

భీమవరం ఆసుపత్రిలో ఆయన ఎప్పటిలాగే డాక్టరుతో మాట్లాడారు, సెలైన్ గొట్టం సరిచేశారు, కుర్చీ లాక్కుని మంచం పక్కన కూర్చున్నారు. శ్రీనివాసరాజుగారు ఆయన చెయ్యి పట్టుకుని కళ్లు మూసుకున్నారు. "మీరొచ్చారు, ఇక భయం లేదండి."

నాకు ఒళ్లు మండిపోయింది. ఈ మనిషికి సిగ్గు లేదు, మా బావగారికి బుద్ధి లేదు అనుకున్నాను.

మధ్యాహ్నమైంది. పక్క మంచం వాళ్లు క్యారేజీ విప్పారు. బావగారు మెల్లగా చెయ్యి విడిపించుకుని లేచారు.

"భోజనాల వేళయిందండి. వెళ్తాం."

"అదేంటండీ? నేనొక్కణ్ణే ఉన్నాను కదా!"

"నర్సులకి చెప్పామండి, వాళ్లు చూసుకుంటారు" అన్నారు. కారు దగ్గరికి నడిచారు.

ఇంట్లో అక్క వడ్డిస్తే అన్నంలో పప్పు కలిపారు. కలుపుతూనే ఉన్నారు గానీ ముద్ద ఎత్తలేదు. చివరికి కంచంలోనే చెయ్యి కడిగేసుకుని, "క్యారేజీ కట్టు రత్నం. జ్వరం మనిషి, కారం తగ్గించు" అన్నారు. నాతో, "నువ్వు ఇచ్చి రా అబ్బాయ్. నా వల్ల కాదు" అన్నారు.

చెప్పొద్దూ, శ్రీనివాసరాజుగారికి బుద్ధి చెప్పే రోజు కోసం నేను ఏడాదిగా కాచుక్కూర్చున్నాను. తీరా ఆ రోజు వస్తే సంతోషం కలగలేదు. ఊరి మొత్తానికి ఉన్న ఒక్క మనిషిని ఓ పూట భోజనం కోసం చంపేశారు వీళ్లు. బతికొచ్చినాయన వేరు.

నేను వార్డులోకి అడుగుపెట్టగానే శ్రీనివాసరాజుగారు తల ఎత్తి, నన్ను దాటి తలుపు వంక చూశారు. చూస్తూనే ఉన్నారు.

"బావగారు రాలేదేంటి?"

స్టూలు మీద క్యారేజీ పెట్టాను.

"భోజనం వచ్చిందండి. మనిషి రాడు."