బాపు మానేసిన గోలీలు

మొదట మందుల షాపు మీదే నాకు అనుమానం వచ్చింది. గుండెకు స్టెంట్ వేసినప్పటి నుంచి బాపు రోజూ కొలెస్ట్రాల్ తగ్గించే మాత్ర వేసుకుంటున్నాడు. అయినా హనుమకొండలో చేయించిన రక్తపరీక్షలో కొలెస్ట్రాల్ ఆకాశాన్నంటింది. నకిలీ మాత్రలు అంటగట్టారని షాపాయనతో కొట్లాడాను. ఆయన మందు డబ్బా, దాన్ని కంపెనీ నుంచి కొన్న బిల్లు తెచ్చి ముందు పెట్టాక నోరు మూసుకుని ఇంటికొచ్చాను.

తర్వాత అమ్మ వంతు. కూరల్లో నూనె దిట్టంగా పోస్తోందేమోనని నూనె డబ్బా మీద పెన్నుతో గీత గీశాను.

"అనుమానం ముందు పుట్టి, ఎనుక నువ్వు పుట్టినవే!" అని అమ్మ రెండు రోజులు నాతో మాట్లాడలేదు. నూనె తగ్గాల్సినంతే తగ్గింది. బాపును మాత్రం ఒక్క మాట అడగలేదు. ఆయన క్రమం తప్పే మనిషి కాడు.

ఈ అనుమానపు బుద్ధి నాకు ఆయన నుంచే వచ్చింది. కేసముద్రం మార్కెట్ యార్డులో పత్తి నాణ్యత చూసే పని ఆయనది. పైన ఎంత తెల్లగా మెరిసినా, బస్తా నడిమికి మోచేతి దాకా చెయ్యి దూర్చి, తడి ఉందో లేదో తేలాకే మాట్లాడేవాడు. పాస్టరు గారు చెప్పిన వాక్యాన్ని కూడా ఇంటికొచ్చి బైబిల్ తెరిచి సరిచూసుకునేవాడు.

ఆ శుక్రవారం మా ఇంట్లో ప్రార్థన కూడిక. పాటలయ్యాక సాక్ష్యాలు చెప్పే వేళ బాపు లేచాడు. షుగరు వల్ల కాలి పుండు నెలల తరబడి మానక, ఇంకా కట్టుతోనే ఉన్నాడు.

"ప్రభువుకు స్తోత్రం. నా బిడ్డ కాలేజీల పరిశోధన చేస్తాంది. పుండు కాడికి రక్తంల తెల్లకణాలు నడిచిపోయి మాన్పుతయట. వాటి పైపొరల కొలెస్ట్రాల్ తీసేస్తే ఉన్నకాడనే కూలబడతయట, మళ్ల పెడితే నడుస్తయట. నా బిడ్డ కండ్లార చూసింది. గందుకే రెండు నెలల సంది కొలెస్ట్రాల్ తగ్గించే గోలీలు బంద్ జేసిన. పుండు జర ఎండుతాంది."

అందరూ "ఆమెన్" అన్నారు. రెండు నెలల కింద కట్టు మారుస్తూ, నా చదువు గొప్ప చూపించుకోవడానికి ఆ ముచ్చట చెప్పింది నేనే. కూడికలో ఎన్నడూ నోరు విప్పని దాన్ని, లేచి నిలబడ్డాను.

"బాపూ, నేను జూసింది ల్యాబు గిన్నెల. పొడి కలిపి ఆ పొరల కెల్లి కొలెస్ట్రాల్ తీసిన. నీ గోలీ జేసే పని వేరు, గుండె నరాలు మళ్ల మూసుకపోకుండ జూస్తది. గిన్నెల ఉన్న కణాలకు గుండె లేదు, స్టెంట్ లేదు. నీకున్నయ్. రేప్పొద్దుగాల్నే దవాఖానకు పోదాం."

"మరి గా మాట అప్పుడే ఎందుకు జెప్పలే బిడ్డా?" అన్నాడు. గొంతులో కోపం లేదు.

షాపాయన మీద, అమ్మ మీద వచ్చిన అనుమానం నా మీద నాకు రాలేదు. బస్తాలో చెయ్యి పెట్టనిదే ఎవరినీ నమ్మని మనిషి, నా మాటలో మాత్రం చెయ్యి పెట్టి చూడలేదు.