జనాబాయి వాటా

కర్ఖేలిలో తన వాటాకొచ్చిన చెల్క భూమి అమ్మి, నాందేడ్ పాతబస్తీలో ఇల్లు కొందామంది ఇందుబాయి. అది 1973. ఆమె బీడీలు చుట్టేది, భర్త దిగంబర్ మిల్లులో పనిచేసేవాడు. ఇల్లమ్మిన వెంకట్రావ్ బయానాగా కొంత సొమ్ము ముందే తీసుకుని వాళ్లను అందులో ఉండనిచ్చాడు. ఒక్క గదికి మాత్రం తాళం ఉంది. అది అతని పెద్దమ్మ జనాబాయిది, ఇంట్లో సగం వాటా కూడా ఆమెదే. ఎనిమిదేళ్ల కింద ఆమె పండరి యాత్రకని నాందేడ్‌లో రైలెక్కింది. తాళంచెవితో సహా మళ్లీ కనబడలేదు.

సంతకం పెట్టడానికి ఆమె లేదు, చనిపోయిందనడానికి కాగితం లేదు. రిజిస్ట్రీ ఆఫీసు చుట్టూ తిరిగి దిగంబర్ చెప్పులరిగాయి. చివరికి వకీలు దేవిదాస్ దారి చూపాడు. ఏడేళ్లుగా జాడలేని మనిషిని పోయినట్టే లెక్కగట్టమని కోర్టును అడగొచ్చట. అప్పుడా వాటా వారసుడిగా వెంకట్రావ్‌కు వస్తుంది, అమ్మకం పూర్తవుతుంది.

ఈలోగా ఇందుబాయి తన పద్ధతి మానలేదు. పుట్టింట్లో మొదటి కంచం ఇంటి పెద్దకు పెట్టాకే మిగతావాళ్లు తినేవారు. ఈ ఇంటికి పెద్ద జనాబాయే కదా అని, మధ్యాహ్నం జొన్నరొట్టె, పప్పు ఆ గడప ముందు పెట్టింది. పది బీడీలు చుట్టేలోగా కంచం ఖాళీ. పిల్లి తిన్నదనుకుందాం. పిల్లి కంచం కడిగి బోర్లిస్తుందా? భయంభయంగా లేచి తలుపు దగ్గరికెళ్లి చూసింది. తాళం మీద సాలెగూడు కూడా చెదరలేదు. రోజూ అదే తంతు. నెల తిరిగేసరికి భయం పోయి, పప్పులో ఉప్పెక్కువైన రోజు సిగ్గుపడటం మొదలైంది.

"నువ్వే కడిగి మర్శిపోతున్నవ్," అని దిగంబర్ కసిరాడు. ఒక ఆదివారం తనే కంచానికి ఎదురుగా కూర్చున్నాడు. కాసేపటికి లేచి, చొక్కా తొడుక్కుని బయటికి పోయాడు. ఆ తర్వాత మళ్లీ ఆ వైపు వెళ్లలేదు.

వెంకట్రావ్ వేసిన దావాలో, ఆ ఇంట్లో ఉంటున్న ఇందుబాయే సాక్షి. కోర్టు రోజు వకీలు ఆమెకు నచ్చజెప్పాడు. "వదినా, ఒక్కటే అడుగుతరు. జనాబాయి జాడ ఏమన్న తెల్సిందా అని. లేదను, ఇల్లు మీదైతది."

జడ్జి అదే అడిగాడు. 'లేదు' అన్న మాట నాలుక చివరిదాకా వచ్చింది. అమ్ముకున్న చెల్క కళ్లముందు మెదిలింది. కానీ రోజూ తన చేతి రొట్టె తింటున్న మనిషిని తన నోటితోనే చంపాలా అనిపించింది.

"ఉన్నది సాయెబ్. మా ఇంట్లనే ఉన్నది. నిన్న గూడ తిన్నది."

"చూశావా?"

"సూడలే. రోజు పెడ్తున్న."

ఎవరో నవ్వారు. వకీలు తల పట్టుకున్నాడు. సొంత సాక్షే బతికుందన్నాక ఇంకేముంది, దావా కొట్టేశారు.

బయట మెట్ల మీద దిగంబర్ కూలబడ్డాడు. "ఒక్క మాట. లేదంటే అయిపోతుండె గదనే."

"అన్నం దినే మనిషిని లేదని ఎట్లంటనయ్యా?" ఇందుబాయి ఏడ్చింది. తర్వాత కొంగుతో మొహం తుడుచుకుని ఎండ వంక చూసింది. "ఎన్క తిడుదువు గని, లెవ్వు. పొద్దు వాలింది. ముసల్ది ఆకలి మీదుంటది."

దిగంబర్ లేచి, ఆమెకంటే ముందే నడిచాడు.