నొక్కుడు బాబాయి, మెత్తని స్ప్రింగులు

కారు ముందు భాగాన్ని ఒక్కసారి నొక్కి చూసి, అందులో కూర్చోబోయే మనిషికి ఎక్కడ నొప్పి పుడుతుందో మా బాబాయి ఎలా చెప్పేవాడు? ఇంత వయసొచ్చినా నాకు అంతుపట్టలేదు.

వీధిలో ఎవరి కారు కనబడినా ఆయన నొక్కాల్సిందే. నొక్కి వదిలి, అది ఎలా లేస్తుందో చూసి తల ఆడించేవాడు. పరామర్శకు వెళితే ముందు గుమ్మంలో ఉన్న కారును నొక్కి, ఆ తరవాతే లోపలివాళ్ళను ఓదార్చేవాడు. ఒకసారి కారులో నిద్రపోతున్న పెద్దమనిషిని ఊపి లేపి, వెనక స్ప్రింగులు పోయాయని చెప్పి మరీ వచ్చాడు. అందరికీ ఆయన నొక్కుడు బాబాయి.

అమ్మకు వెన్ను ఆపరేషన్ అయింది. కుదుపు తగిలితే కుట్లు నిలవవని డాక్టరు హెచ్చరించాడు. ఆమెను ఇంటికి తీసుకురావలసిన రోజు పొద్దున్నే నాన్న పాతకాలపు కారు మాయమైంది. మధ్యాహ్నానికి ఆస్పత్రి ముందు ప్రత్యక్షమైంది, పొదుగుతున్న కోడిలా నేలకు కరుచుకుని. నాన్న ముచ్చటపడి వేయించుకున్న గట్టి స్ప్రింగులు పీకించి, బాబాయి మెత్తనివి వేయించాడు.

నాన్న ముఖం కందగడ్డయింది. "ఇంత కిందకి దిగితే స్పీడ్ బ్రేకరు మీద అడుగు తగలదట్రా? ఆ దెబ్బ నేరుగా మీ వదిన వెన్నుకే."

"గట్టివైతే ప్రతి గతుకూ వదిన వెన్నుకే అన్నయ్యా. మెత్తవైతే ఒక్కచోటే భయం."

ఆ ఒక్కచోటు మా వీధి మొదట్లో ఉంది.

అమ్మను వెనక సీట్లో పడుకోబెట్టి, ముందు మేం ముగ్గురం ఇరుక్కున్నాం. నడుపుతున్న నాన్న రోడ్డు చూడడం మానేసి అద్దంలో అమ్మ ముఖమే చూస్తున్నాడు. ఆయన బదులు రోడ్డు నేను చూశాను. స్పీడ్ బ్రేకరు ముందు నాన్న బండి ఆపేశాడు.

బాబాయి నన్ను దింపి, తనూ దిగాడు. మా బరువు పోగానే కారు రెండు వేళ్ళ ఎత్తు లేచింది. ఆయన వంగి, కింద సందు చూసి, "పోనీ" అన్నాడు. కారు మెల్లగా ఎక్కింది, ఊగింది, దిగింది. ఎక్కడా తగల్లేదు.

నేను పరుగెత్తి కిటికీ దగ్గరకు వెళ్ళాను. అమ్మ చేతిలో బాబాయి కళ్ళజోడు ఉంది.

"సీటు సందులోంచి గుచ్చుకుందిరా. దారంతా నాకు ఇదొక్కటే నొప్పి."

నాన్న దాన్ని అటూ ఇటూ తిప్పి చూశాడు. "పొద్దుట్నుంచీ మెకానిక్ చేత నడిపించుకుంటూ, స్ప్రింగులు మార్పిస్తూ, నువ్వు పడుకునే చోట వాడే పడుకుని తిరిగాడన్నమాట."

కళ్ళజోడు అందుకుని వెనక్కి తిరిగాను. బాబాయి రెండు చేతులతో నడుం పట్టుకుని, వెళ్ళొస్తానని కూడా అనకుండా, సందు మలుపు తిరిగిపోతున్నాడు.