లీవెన్ గారు ఇవ్వని మాట

ఇన్నేళ్లుగా ఒక విషయం నన్ను లోపల్లోపల తొలిచేస్తోంది. దానివల్ల ఎవరి కొంపా మునగలేదు. పైగా ఊరికి మంచే జరిగింది. అయినా లీవెన్ గారు ఎదురుపడి నవ్వినప్పుడల్లా నేను చూపు తిప్పుకుంటాను. మీకైనా చెప్పుకోనివ్వండి.

లీవెన్ గారిది బెల్జియంలో డచ్చి మాట్లాడే ఫ్లాండర్స్ ప్రాంతం. అక్కడి శాసనసభలో సభ్యుడిగా ఉండేవారు. సొంత ఊరి ఈతకొలను మూతపడక తప్పదని ఎన్నికల ముందే నిజం చెప్పేసి ఓడిపోయారు. తర్వాత కూతురి దగ్గరికని ఆస్ట్రేలియాలో మా ఊరు టూవూంబా వచ్చి, ఇక్కడే పౌరసత్వం తీసుకుని, మా పక్కింట్లో గులాబీలు పెంచుకుంటూ ఉండేవారు. ఆ ఓటమిని జోకులా చెప్పేవారు. చెప్పాక లేచి గులాబీలకు నీళ్లు పోయడానికి వెళ్లిపోయేవారు. ఇక్కడి కౌన్సిల్ ఎన్నికల్లో నిలబడమని వెంటపడింది నేనే.

మా తెలుగువాళ్ల ఉగాది భోజనాలకు ఆయన్ని తీసుకెళ్లాను. ఆయన ఇంగ్లీషు యాస పెద్దవాళ్లకు అందదని పక్కన నిలబడి తెలుగులో చెబుతున్నాను. కొత్తగా ఓటుహక్కు వచ్చిన వరలక్ష్మి ఆంటీ లేచారు.

"అమ్మాయ్, పొద్దున్నే పార్కులో వాకింగుకెళ్తే చుట్టుపక్కల ఒక్క బాత్రూమూ లేదు. షుగరున్నవాళ్లం, ఎట్లా ఆపుకుంటాం? కట్టిస్తాడేమో అడుగు."

అందరూ నవ్వారు. ఆయన నవ్వలేదు. ఆలోచించి, "గట్టిగా అడుగుతాను. కానీ కౌన్సిల్లో నాది ఒక్క ఓటే. మాట ఇవ్వలేను" అన్నారు.

అన్ని ముఖాలూ నావైపే చూస్తున్నాయి. తీసుకొచ్చింది నేను. ఈ చప్పటి జవాబు ఎలా చెప్పను?

"ఏడాది తిరిగేలోగా కట్టించి తీరతానని మాటిస్తున్నారు!" అన్నాను.

హాలు చప్పట్లతో మోగిపోయింది. లీవెన్ గారి కళ్లలో నీళ్లు తిరిగాయి. "నిజం చెబితే చప్పట్లు కొట్టే జనాన్ని ఇప్పుడే చూస్తున్నాను" అన్నారు నాతో.

అప్పుడే చెప్పాల్సింది. చెప్పలేదు.

ఆయన గెలిచారు. ఏడాది తిరిగింది. ఆంటీ ఆయన్ని కూరగాయల సంతలో పట్టుకున్నారు. "మిస్టర్ లీవెన్, యూ ప్రామిస్ బాత్రూం. వేర్ బాత్రూం?"

ఆయన పక్కనే ఉన్న నావైపు తిరిగారు. "నేను మాటిచ్చానా?"

"మీ యాస కదా... నాకలాగే వినిపించింది" అన్నాను.

మొదటి అబద్ధం ఆయన గెలుపు కోసం ఆడానని సర్దిచెప్పుకోగలను. మరి ఇది ఎవరి కోసం? కేవలం నా పరువు కోసం, ఏ పాపమూ ఎరగని మనిషి నాలుక మీదికి నా తప్పు నెట్టేశాను. ఆయన ముఖం ఎర్రబడింది. ఆంటీకి క్షమాపణ చెప్పి, "ఇచ్చినట్టు వినిపిస్తే ఇచ్చినట్టే" అన్నారు.

లైబ్రరీలో జరిగే ఇంగ్లీషు క్లాసులో చేరారు. ఆ వయసులో, మాజీ శాసనసభ్యుడు! ఇంకోపక్క తోటి కౌన్సిలర్లను పొద్దున్నే పార్కుకు పిలిచి, కడుపునిండా కాఫీ తాగించి, ఆంటీల వెంట ఆ చివరిదాకా నడిపించారు. తిరిగొచ్చేసరికి వాళ్లందరికీ సమస్య బాగా అర్థమైంది. బాత్రూము మంజూరైంది. వరలక్ష్మి ఆంటీ రిబ్బను కత్తిరించి, అందరూ చూస్తుండగా దర్జాగా లోపలికెళ్లి తలుపేసుకున్నారు. బయట మేం ఈలలు వేశాం.

అన్న మాట నిలబెట్టుకునే మనిషని ఆయనకు పేరొచ్చింది. మళ్లీ గెలిచారు, డిప్యూటీ మేయరయ్యారు. ఏ సభకెళ్లినా, తానివ్వని మాటకు చప్పట్లు కొట్టిన తెలుగువాళ్ల గురించీ, ఊరికి బాత్రూము తెచ్చిపెట్టిన తన పాడు ఇంగ్లీషు గురించీ చెబుతారు. జనం పడీపడీ నవ్వుతారు. అందరికంటే గట్టిగా నేను నవ్వుతాను.

మొన్న ఆయన పదవీ విరమణ సభలోనూ అదే కథ చెప్పారు. నేను నిజం చెబితే ఆయన నవ్వేసి క్షమించేస్తారని తెలుసు. కానీ ఆ కథను ఆయన దగ్గర్నుంచి లాక్కున్నట్టవుతుంది కదా? ఇది దయా, పిరికితనమా? ఎంత తవ్వుకున్నా తేలడం లేదు. తెలుగులో రాస్తున్నది కూడా ఆయన చదవలేరన్న ధైర్యంతోనే.

అయినా రాశాక హాయిగా ఉంది. మీకైనా తెలిసింది. ఆ రోజు లీవెన్ గారు చక్కటి ఇంగ్లీషులో మాట్లాడారు. ప్రతి మాటా నాకు అర్థమైంది.